నాలుగు చీటీలు, ఒక్క జబ్బు

మా అక్క తలగడ కింద రెండేళ్లపాటు నాలుగు మందుల చీటీలు ఉండేవి. ఒకటి చర్మం డాక్టరుది. బుగ్గల మీది ఎర్రమచ్చలను మంగు అనుకుని రాసిన క్రీము అందులో ఉంది. రెండోది ఎముకల డాక్టరుది. పొద్దున లేవగానే వేళ్లు పట్టేస్తున్నాయంటే నొప్పి బిళ్లలు రాశారు. మూడోది జుట్టు ఊడుతోందని బలానికి తీసుకున్న మాత్రలది. నాలుగోది వచ్చిపోయే జ్వరానికి మా ఊరి ఆర్‌ఎంపీ రాసిచ్చింది. ఎవరికి ఏ ముక్క చూపించామో ఆ ముక్కకే వాళ్లు మందు రాశారు. ఆ ముక్కలన్నీ ఒకే మనిషివని చెప్పాల్సింది మేము. ఆ సంగతి మాకే తెలియదు.

చివరికి గుంటూరులో ఒక పెద్దాయన, మామూలు ఫిజీషియన్, ఆ నాలుగు చీటీలనూ బల్ల మీద వరసగా పేర్చారు. "వీటిని ఇంతకుముందు ఎవరైనా కలిపి చూశారా అమ్మా?" అని అడిగారు. ఐదో చీటీలో ఆయన మందు రాయలేదు, మూత్ర పరీక్ష రాశారు. మూత్రంలో ప్రొటీన్ పోతోందని తేలింది. నెల తిరక్కుండా హైదరాబాద్‌లో రుమటాలజిస్టు దానికి పేరు చెప్పారు: లూపస్. అప్పటికే అది కిడ్నీల దాకా వెళ్లింది.

మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే మన ఒంటి మీద పడే జబ్బుల్లో లూపస్ ఒకటి. వీటిని ఆటో ఇమ్యూన్ జబ్బులంటారు. రుమటాయిడ్ కీళ్లవాతం, సొరియాసిస్, బొల్లి, చిన్నపిల్లల్లోనూ వచ్చే టైప్ 1 మధుమేహం కూడా ఈ కోవలోవే. సమంత తనకు మయోసైటిస్ ఉందని 2022 అక్టోబరులో చెప్పాక ఈ మాట తెలుగు ఇళ్లలోకీ వచ్చింది. మీ ఇంట్లో వీటిలో ఏదైనా ఉండి, "మాకు జరిగింది ఇంకొకరికి జరక్కూడదు, నలుగురికీ చెప్పాలి" అని మీకు అనిపిస్తే ఈ అధ్యాయం మీకోసమే. నాకు తెలిసింది లూపస్ కాబట్టి ఉదాహరణలన్నీ అందులోంచే తీసుకుంటాను. పద్ధతి మాత్రం అన్నిటికీ పనికొస్తుంది.

ముందు మీ పనేమిటో తేల్చుకోండి

"అవగాహన కల్పించడం" అన్నమాట బ్యానర్ మీద బాగుంటుంది. పొద్దున లేచి ఏం చేయాలో మాత్రం చెప్పదు. అందుకే మీ పనిని ఒక్క వాక్యంలో రాసుకోండి. నాది ఇది: మొదటి లక్షణం కనబడిన రోజుకూ సరైన డాక్టరు ముందు కూర్చున్న రోజుకూ మధ్య వృథాగా పోయే రోజులను తగ్గించడం.

ఈ జబ్బులో రోజులు ఎందుకు పోతాయో చూడండి. లూపస్ అంటే లాటిన్‌లో తోడేలు. ముఖం మీది పుండ్లు తోడేలు కొరికినట్టు ఉన్నాయని పాతకాలం వైద్యులు ఆ పేరు పెట్టారు. అంటే చాలాకాలం దీన్ని చర్మం జబ్బుగానే చూశారు. ఇది చర్మంతో ఆగదనీ, లోపలి అవయవాలనూ పట్టుకుంటుందనీ 1872లో వియన్నాలో మోరిట్జ్ కపోజీ రాశారు. ల్యాబు పరీక్షలో పట్టుకోవడానికి పనికొచ్చిన ముఖ్యమైన గుర్తు, ఎల్‌ఈ కణం, అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ బృందానికి 1948లో దొరికింది. ముక్కలు కలిపి చూడటానికి వైద్యశాస్త్రానికే అన్ని తరాలు పట్టింది. మా ఇంటికి రెండేళ్లు పట్టడంలో వింత లేదు. కానీ ఆ రెండేళ్లలో కిడ్నీ ఊరుకోదు. అది నొప్పి కూడా చెప్పకుండా పాడవుతుంది.

కాబట్టి మీరు జబ్బు గురించి అంతా చెప్పనక్కర్లేదు. విడివిడిగా పడున్న చీటీలను కలిపి చూసే అలవాటు జనానికి చేయగలిగితే చాలు.

భయానికి ముందు జవాబు, తర్వాతే పాఠం

నా మొదటి ఉపన్యాసం పల్నాడులో ఒక ఊళ్లో, పొదుపు సంఘం మీటింగులో. నలభై నిమిషాలు మాట్లాడాను. రోగనిరోధక వ్యవస్థ అన్నాను, యాంటీబాడీలన్నాను, చార్టు కూడా చూపించాను. అయ్యాక వెనక వరసలోంచి ఒక పెద్దామె అడిగింది: "అదంతా సరేగానీ అమ్మాయ్, ఇది అంటుద్దా?"

నలభై నిమిషాల్లో నేను చెప్పనిది ఆ ఒక్క మాటే. ఆమె మనసులో ఆ ప్రశ్న అడ్డంగా కూర్చుని ఉన్నంతసేపూ నా మాటేదీ లోపలికి పోలేదు. ఆ రోజు నుంచి నా వరస మార్చుకున్నాను. మొదటి నిమిషంలోనే ఈ నాలుగూ చెప్పేస్తాను.

ఇది అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు.

ఇది క్యాన్సర్ కాదు. దిష్టి కాదు, ఎవరి పాపమూ కాదు. పుట్టుకతో వచ్చిన కొన్ని జన్యువులు, హార్మోన్లు, ఎండ, ఇన్ఫెక్షన్లు ఇలా కొన్ని కలిసి దీన్ని లేపుతాయి. పది మంది రోగుల్లో తొమ్మిది మంది ఆడవాళ్లే. ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్ల మధ్య బయటపడుతుంది.

ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, కానీ అదుపులో ఉంటుంది. 1950ల్లో ఈ జబ్బు తేలినవాళ్లలో ఐదేళ్ల తర్వాత దాదాపు సగం మందే మిగిలేవారు. ఇప్పుడు మంచి చికిత్స అందేచోట నూటికి తొంభై మంది దాకా పదేళ్లు దాటుతున్నారు.

పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు. కాకపోతే జబ్బు కనీసం ఆరు నెలలు నిమ్మళంగా ఉన్నాక, కడుపుతో ఉన్నప్పుడు వాడకూడని మందులు డాక్టరు మార్చాక, ముందే అనుకుని కనాలి.

ఇక జబ్బు ఏమిటో చెప్పడానికి ఒక్క సామెత చాలు. కంచే చేను మేయడం. పల్లెలో ఎవరికీ దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. పైగా ఇది ఇంకో అపోహను కూడా తీరుస్తుంది. "రోగనిరోధక శక్తి జబ్బు" అనగానే ఆ శక్తి తగ్గిందనుకుని, ఇమ్యూనిటీ పెంచే పొడులూ కషాయాలూ కొనుక్కొస్తారు. అప్పుడు నేను అడుగుతాను: "చేను మేసే కంచెకు ఇంకా బలం చేకూరుస్తామా?" అందరూ నవ్వుతారు. ఆ నవ్వు వచ్చిందంటే విషయం ఎక్కినట్టే.

చివరగా ఒక్క కాగితం చేతికిస్తాను. అందులో ఆరు గుర్తులే ఉంటాయి:

- పొద్దున లేచాక చాలాసేపు కీళ్లు పట్టేసి ఉండటం, వారాల తరబడి నొప్పి, వాపు
- ముక్కు మీదుగా రెండు బుగ్గలకూ సీతాకోకచిలుక రెక్కల్లా పాకిన ఎరుపు. మంగు సాధారణంగా గోధుమరంగులో ఉంటుంది. ఈ ఎరుపు ఎండకు వెళ్తే ఎక్కువవుతుంది
- కారణం తెలియని జ్వరం, పడుకుని లేచినా తీరని నీరసం
- జుట్టు కుచ్చులుగా ఊడటం
- మాటిమాటికీ వచ్చే నోటిపూత. అది నొప్పి లేకుండా కూడా ఉండొచ్చు
- మూత్రంలో ఆగని నురగ, ముఖానికీ కాళ్లకూ నీరు పట్టడం

కింద మూడు వాక్యాలు. "వీటిలో ఏ ఒక్కటి ఉన్నా లూపస్ అని కాదు. రెండు మూడు కలిసి కొన్ని వారాలుగా ఉంటే మాత్రం పాత చీటీలన్నీ తీసుకుని ఒకే డాక్టరు దగ్గరికి వెళ్లి, మూత్ర పరీక్ష అవసరమా అని అడగండి. నురగ గానీ వాపు గానీ ఉంటే వారాలు ఆగొద్దు, వెంటనే వెళ్లండి." మామూలు మూత్ర పరీక్షకు పెద్ద ఖర్చు కాదు, ఏ చిన్న ల్యాబులోనైనా చేస్తారు. మా అక్క విషయంలో రెండేళ్లూ ఎవరికీ తట్టనిది అదే.

గోడలకు కాదు, గుమ్మాలకు

కొత్తగా దిగినవాళ్లు పోస్టర్లతో మొదలుపెడతారు. నేనూ అంతే. బస్టాండులో అంటించిన పోస్టరు మీద రెండో రోజుకే ట్యూషన్ సెంటరు కాగితం పడింది. తర్వాత ఇంకోలా ఆలోచించాను. ఈ లక్షణాలున్న ఆడమనిషి డాక్టరు కంటే ముందు ఏ గుమ్మం తొక్కుతుంది?

బ్యూటీ పార్లరు. బుగ్గల మీది ఎరుపునూ ఊడే జుట్టునూ ముందు చూసేది ఆ అమ్మాయే. ఫేషియల్‌తో పోనిదేమిటో ఆమెకు బాగా తెలుసు. మంగుకూ దీనికీ తేడా పది నిమిషాల్లో చెప్పొచ్చు.

మందుల షాపు. మూడు నెలలుగా ఒకే మనిషి నొప్పి బిళ్లలు పట్టుకెళ్తోందని కౌంటరులో కుర్రాడికి తెలుసు. ఆ బిళ్లలు అతిగా వాడితే కిడ్నీలకు చేటు. లూపస్ ఉన్న కిడ్నీలకైతే మరీ. "ఒక్కసారి మూత్ర పరీక్ష చేయించుకోండమ్మా" అని అతను అనగలిగితే చాలు.

ఆర్‌ఎంపీ. ఆయన్ని తిట్టి లాభం లేదు. ఊళ్లో అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. గౌరవంగా వెళ్లి, "మీ దగ్గరికొచ్చే కీళ్లనొప్పుల్లో ఇలాంటివి కనబడితే పెద్దాసుపత్రికి పంపండి" అని అడిగితే ఎక్కువమంది వింటారు.

ఆశా కార్యకర్త. మళ్లీ మళ్లీ గర్భం నిలవని కోడళ్లెవరో ఆమె రిజిస్టరులో ఉంటారు. లూపస్‌తో పాటు కొందరికి రక్తం త్వరగా గడ్డకట్టే గుణం ఉండి కడుపు నిలవదు.

ఈ నలుగురూ కలిసి చూసే ముఖాలు మన సభకు వచ్చేవాళ్ల కంటే చాలా ఎక్కువ.

ఇంకో మాట. ఆంధ్రలో పింఛన్లు పంచే గ్రామ వాలంటీర్లు వచ్చాక నేను "వాలంటీర్‌ని" అని చెప్పుకుంటే "మా పింఛను సంగతేంటమ్మా" అని అడిగేవారు. ఇప్పుడు "లూపస్ ఉన్నామె చెల్లెల్ని" అని చెప్పుకుంటున్నాను. ఆ పరిచయానికి ఏ గుర్తింపు కార్డూ అడగరు.

గీత ఎక్కడ గీయాలి

నాలుగు సభలు పెట్టాక జనం మిమ్మల్ని సగం డాక్టరును చేసేస్తారు. రిపోర్టులు వాట్సాప్‌లో పంపి "చూసి చెప్పండి" అంటారు. అక్కడే జాగ్రత్త పడాలి.

పరీక్ష పేర్లు చెప్పి పంపకండి. ఏఎన్ఏ అనే రక్తపరీక్ష లూపస్ ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ పాజిటివ్ వస్తుంది. ఏ జబ్బూ లేని కొందరికి కూడా వస్తుంది. ఆ ఒక్క పరీక్షే చేయించుకున్న మనిషి ఉత్త కాగితం చూసి నెలల తరబడి నిద్రపోదు. ఏ పరీక్ష ఎప్పుడన్నది డాక్టరుకు వదిలేయండి. పెద్ద డాక్టరు ఎక్కడంటే, హైదరాబాద్ నిమ్స్ లాంటి పెద్దాసుపత్రుల్లో రుమటాలజీ విభాగం ఉందని చెప్పండి. ఆరోగ్యశ్రీ లాంటి పథకం కింద ఏం వస్తుందో ఆసుపత్రిలోని ఆ పథకం డెస్కులో అడగమనండి. మీరు హామీ ఇవ్వకండి.

మందు మానమనీ, తగ్గించమనీ పొరపాటున కూడా అనకండి. స్టెరాయిడ్ వల్ల ముఖం ఉబ్బుతుంది, బరువు పెరుగుతుంది. అద్దంలో చూసుకుని విసిగి మానేసేవాళ్లున్నారు. చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. మీరు చెప్పాల్సిన మాట ఒక్కటే: "మీకు నచ్చనిది డాక్టరుకే చెప్పండి, తగ్గించే దారి ఆయనే చూపిస్తారు."

"మూడు నెలల్లో మాయం" అనేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు. పసరు వైద్యం గురించి రోగితో వాదనకు దిగితే ఓడిపోతాం, ఆ మనిషిని కూడా పోగొట్టుకుంటాం. చట్టం సంగతి చెప్పండి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కొన్ని జబ్బుల పేర్లు రాసి, వాటిని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడమే నేరమంది. ఆ పట్టికలో మధుమేహం, బొల్లి, కీళ్లవాతంతో పాటు లూపస్ పేరు కూడా ఉంది. "నిజంగా నయం చేసేవాడైతే చట్టాన్ని మీరి ప్రకటన ఎందుకిస్తాడు?" అన్న ప్రశ్న వాళ్ల చేతిలో పెట్టి వచ్చేయండి.

సలహా ఇవ్వకుండా ఏం చేయగలమా అనిపిస్తే 2020 మార్చిని గుర్తు చేసుకోండి. లూపస్ రోగులు ఏళ్ల తరబడి రోజూ మింగే హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాకు పనిచేస్తుందన్న ప్రచారం రాగానే షాపుల్లో కరువైంది. డాక్టరు చీటీ లేనిదే అమ్మకుండా ప్రభుత్వం నిబంధన బిగించింది. ఆ వారాల్లో మేం ఒక్క ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఏ షాపులో ఎన్ని స్ట్రిప్పులున్నాయో ఫోన్లు చేసి కనుక్కుని, చీటీ ఉన్నవాళ్లకు చెప్పాం. మా బృందం చేసిన పనుల్లో ఇప్పటికీ అందరూ గుర్తుపెట్టుకున్నది అదే.

పేరు వాళ్లది, గుట్టు కూడా వాళ్లదే

మన దగ్గర ఇరవై రెండేళ్ల అమ్మాయికి జబ్బుందంటే ఇంట్లో మొదటి మాట మందు గురించి కాదు, సంబంధాల గురించి. అది తప్పో ఒప్పో చెప్పడానికి మనం వెళ్లలేదు. మన వల్ల ఆ ఇంటి గుట్టు బయటపడకపోవడం ముఖ్యం.

అడగకుండా ఎవరినీ వాట్సాప్ గ్రూపులో చేర్చకండి. చేర్చిన మరుక్షణం ఆమె నంబరు అందరికీ కనబడుతుంది. అందులో ఆమె మేనత్త కొడుకు ఉన్నా ఉండొచ్చు. సభలో ఫొటో తీసేముందు "రాకూడదనుకునేవాళ్లు ఈ వైపు కూర్చోండి" అని చెప్పండి. ఎవరి కథైనా చెప్పాలంటే పేరు, ఊరు, చదువు తీసేసి, ముందు వాళ్లకే చదివి వినిపించండి. ఒకసారి ఒప్పుకున్న మనిషి రేపు వద్దంటే వద్దన్నట్టే. పైన రాసిన మా ఇంటి సంగతి కూడా అక్క చదివి, రెండు వాక్యాలు కొట్టేశాకే ఇక్కడికి వచ్చింది.

ఎండనూ, మీ ఒంటినీ చూసుకోండి

మే 10 ప్రపంచ లూపస్ దినం. 2004 నుంచి జరుపుతున్నారు. ఊదారంగు రిబ్బన్లు కడతారు. చల్లని దేశాల్లో అది ర్యాలీకి మంచి రోజే కావచ్చు. మన దగ్గర మే పదో తేదీ అంటే రోళ్లు పగలకపోయినా తారు కరిగే కాలం. లూపస్‌ను రెచ్చగొట్టేవాటిలో ఎండ ముందుంటుంది. ఇది తెలిసి కూడా మా మొదటి ఏడాది పొద్దున పదింటికి నడక పెట్టాం. నడిచినవాళ్లలో ఇద్దరు రోగులు ఆ తర్వాత వారం రోజులు మంచం దిగలేదు. అవగాహన ఎవరికి లేదో ఆ రోజు బాగా తెలిసొచ్చింది. ఇప్పుడు సాయంత్రం ఆరున్నరకు, ఏదో ఒక బడి వరండాలో కలుస్తాం. ఎండలో పనులుంటే గొడుగు, నిండు చేతుల జాకెట్టు, సన్‌స్క్రీన్.

ఈ పనికి వచ్చేవాళ్లలో చాలామంది రోగులే. వాళ్లు చూడటానికి బాగానే ఉంటారు. "నీకేమైందమ్మా, నిక్షేపంలా ఉన్నావు" అన్న మాట వాళ్లకు కొత్త కాదు. అది మన బృందంలో వినబడకూడదు. ప్రతి పనికీ ఇద్దరి పేర్లు రాసుకోండి. ఒకరికి ఆ పొద్దున కీళ్లు పట్టేస్తే రెండోవాళ్లు వెళ్తారు, కారణం అడగరు. నెలకు రెండు పనులు ఒప్పుకుంటే చాలు. ఆరు నెలలు పరిగెత్తి పడిపోయే మనిషి కంటే ఆరేళ్లు నెలకోసారి వచ్చే మనిషి వల్లే పని నిలబడుతుంది.

ఈ వారం చేయండి

1. మీ పనిని ఒక్క వాక్యంలో రాయండి. అందులో "అవగాహన" అనే మాట రాకూడదు.
2. మీకు తెలిసిన జబ్బు ఆరు గుర్తులను ఒక్క కాగితం మీద రాసి, ఆ జబ్బు చూసే డాక్టరు చేత దిద్దించండి. దిద్దకుండా ఎవరికీ ఇవ్వకండి.
3. అదే విషయాన్ని మీ ఇంట్లో పెద్దవాళ్లకు మూడు నిమిషాల్లో చెప్పండి. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్నను రాసుకోండి. రేపటి నుంచి మీ మాట ఆ జవాబుతో మొదలవ్వాలి.
4. మీ వీధిలో ఒక్క గుమ్మం ఎంచుకుని వెళ్లండి. పార్లరో, మందుల షాపో.
5. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. సభకు ఎంతమంది వచ్చారో రాయొద్దు. మీ మాట విని ఎవరైనా డాక్టరు దగ్గరికి వెళ్తే, లక్షణం మొదలయ్యాక ఎన్నో వారంలో వెళ్లారో రాయండి. పేరు రాయొద్దు.

ఆ నోటుపుస్తకం గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఆ పొదుపు సంఘం మీటింగు జరిగిన ఊరి నుంచి చాలాకాలం తర్వాత ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. డిగ్రీ చదివే ఒక అమ్మాయికి నీరసం, జుట్టు ఊడటం, కీళ్లనొప్పులు. కాగితంలో మూడు గుర్తులు కలిశాయి. నాలుగో వారంలోనే నరసరావుపేట తీసుకెళ్లింది. మళ్లీ ఫోన్ చేసినప్పుడు గొంతు కాస్త చిన్నబోయి ఉంది. "లూపస్ కాదంట మేడం. థైరాయిడంట. ఊరికే తిప్పాను పిల్లని."

ఊరికే కాదన్నాను. థైరాయిడ్ కూడా మందు అడిగే జబ్బే. ఆ పిల్ల తలగడ కింద నాలుగు చీటీలు పోగవకుండా ఒక్క చీటీతోనే తేలిపోయింది. నోటుపుస్తకం తీసి ఆ పేజీలో "4వ వారం" అని రాసుకున్నాను. మా అక్క పేజీలో ఉన్న అంకె 104.